పై తాడు

ఇంటి నుంచి,
ఏప్రిల్ 3

ఒరేయ్ చిన్నోడా,

ఇప్పటికి మూడు కాగితాలు చింపాను. "ఎలా ఉన్నావు" అని మొదలుపెడితే ఏడవాలో నవ్వాలో తెలియలేదు. జైల్లో ఉన్నవాణ్ణి పట్టుకుని ఎలా ఉన్నావని అడగడమేమిటి, నా మొహం! తింటున్నావా? గోడ పక్కన చోటు దొరికిందా? గోడకి వీపు ఆనితే తప్ప నీకు నిద్రపట్టదని అక్కడెవరికి తెలుసు? అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్లు. అప్పట్నుంచి నువ్వు లేకుండా ఈ ఇంట్లో నేను ఒక్క వారం కూడా లేను. ఇప్పుడు పదకొండు రోజులు. లోపలికొస్తే నా చెప్పుల చప్పుడు నాకే వినబడుతోంది.

లాయరు గారు నన్ను కూర్చోబెట్టి రెండు సంగతులు చెప్పారు. ఒకటి, ఈ ఉత్తరాలన్నీ అక్కడ విప్పి చదివి, ముద్ర వేసి, ఆ తర్వాతే నీ చేతికిస్తారట. ఇది చదువుతున్న అయ్యా, మీరెవరో గానీ నమస్కారం. నా రాత కోడి కెలికినట్టుంటుంది, కాస్త ఓపిక పట్టండి. మా వాడు ఆకలేసినా నోరు తెరిచి అడగడు, అదొక్కటి గుర్తుపెట్టుకోండి.

రెండోది అప్పీలు. జులైలో పై కోర్టు వింటుందట. "లోడు సరిగ్గా కట్టకుండా వ్యాను నడిపి ఒక మనిషి ప్రాణం పోవడానికి కారణమైనందుకు రెండేళ్లు" అని కింది కోర్టు జడ్జిగారు రెండు నిమిషాల్లో చదివేశారు చూడు, దాన్ని ఎనిమిది నెలలకి దించొచ్చట. సరుకుకి పూచీ డ్రైవరుదేనని చట్టం. కానీ కట్టినవాళ్లు "కట్టాను" అని గట్టిగా చెబితే, డ్రైవరు దాన్ని నమ్మి బండి తీస్తే, తప్పు కొంచెం తేలికవుతుందట.

ఆ రోజు బండి ఎక్కేముందు నేను "కట్టాను" అని కేకేశాను కదా. నీకు ఆ గందరగోళంలో గుర్తులేదేమో. గుర్తు తెచ్చుకో. నేను కేకేశాను.

వ్యాను ఇంకా పోలీసుల దగ్గరే ఉంది. నేను గోడౌన్లో పనికి కుదిరాను. అట్టపెట్టెలకి టేపు అంటించడం, అంతే. ఒంటికి కష్టం లేదు. సూపర్వైజరు నన్ను "మేడమ్" అంటాడు, నాకు వెనకెవరో ఉన్నారనిపించి తిరిగి చూస్తుంటాను.

జాగ్రత్త.

అక్క


జైలు నుంచి,
ఏప్రిల్ 19

అక్కా,

నీ ఉత్తరం ముద్ర పడి వచ్చింది. చదివిన ఆయన ఇచ్చేటప్పుడు "మీ అక్క గట్టిదేనయ్యా" అన్నాడు. ఆ రోజు నా గిన్నెలో ఒక గరిటె ఎక్కువ పడింది. నీ పలుకుబడి ఇక్కడిదాకా వచ్చిందన్నమాట!

బాగానే ఉన్నాను. గోడ దొరికింది. వంటశాలలో పని, మనిషి పట్టేంత గిన్నెలు తోముతాను. నా పక్క మంచం ఆయన ఒకప్పుడు స్కూల్లో లెక్కల మాస్టారు, ఎవరివో దొంగ సర్టిఫికెట్లు తయారుచేసి వచ్చాడు. నా అక్షరాలు దిద్దుతాడు. ఈ ఉత్తరంలో తప్పుల్లేకపోతే ఆ పుణ్యం ఆయనదే.

మొన్న ఆయనే అడిగాడు, "ఇద్దరుండి ఒక్క తాడు ఎలా మర్చిపోయారయ్యా?" అని. మన పద్ధతి చెప్పాను. అక్క చుట్టు తాళ్లు కట్టి, పై తాడు విసిరి, అవతలికొచ్చి బిగించి "కట్టాను!" అని అరుస్తుంది. నేను చుట్టూ తిరిగి ఒక్కో ముడీ లాగి చూసి "చూశాను!" అని అరుస్తాను. ఆ రెండు మాటలూ పడితే గానీ తాళంచెవి తిప్పం. పదమూడేళ్లలో ఎన్ని ఇళ్ల సామాను మార్చామో, ఒక్క గ్లాసు కూడా కింద పడలేదు.

"మరి ఆ రోజు?" అన్నాడు. ఆ రోజు మేమిద్దరం మాట్లాడుకోవడం లేదండీ అన్నాను. ఆయన నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు.

అందుకే అక్కా, ఆ మాట నువ్వు అనలేదు. అంతకు నాలుగు రోజుల ముందు, మూడో అంతస్తు మెట్ల మీద బీరువా తిప్పేటప్పుడు, అందరూ వింటుండగా "నీకేం తెలుసు, నోర్మూసుకో" అన్నాను. "ఇంక నీతో మాట్లాడితే ఒట్టు" అన్నావు. నాలుగు రోజులూ ఒట్టు నిలబెట్టుకున్నావు. నేను కూడా నీ తమ్ముణ్ణే కదా. ఆ రోజు నువ్వు పై తాడు విసిరావు. ఇంటావిడ పూలకుండీలు చేత్తో పట్టుకెళ్లమని పైకి పిలిచింది. నువ్వు దిగొచ్చేసరికి నేను సీట్లో ఉన్నాను, ఇంజను ఆన్‌లో ఉంది. వాడే కట్టి చూసుకున్నాడు కాబోలు అనుకున్నావు నువ్వు. వచ్చి కూర్చుంది కాబట్టి కట్టేసిందనుకున్నాను నేను. అడగాలంటే నోరు విప్పాలి. విప్పలేదు. మంచం ప్లైవుడ్ పలకలు అన్నిటికంటే పైన ఉన్నాయి.

లేని మాట ఉందని సంతకం పెట్టకు.

ఇక్కడ చట్టం పుస్తకం ఉంది. చదివాను. సరుకు కట్టకుండా రోడ్డెక్కితే జరిమానా. ఏదైనా కింద పడితే జరిమానా పెరుగుతుంది. ఎవరి బండైనా పాడైతే ఆరు నెలలు లైసెన్సు పోతుంది. మనిషికి తగిలితే ఏడాది దాకా జైలు. ప్రాణం పోతే ఐదేళ్ల దాకా. అదే తాడు, అదే పలక అక్కా! మనకి రెండుసార్లు జరిమానా పడినప్పుడు ఏమనుకున్నాం, గుర్తుందా? "ముడి బిగువు చూడ్డానికి కూడా వీళ్లకి జీతాలిస్తారా" అని ఇంటికొచ్చేదాకా నవ్వాం. ఆ కింద ఇంకో లైనుంది, వదులైందని తెలిసి కూడా బండి ఆపకపోతే శిక్ష ఇంకా ఎక్కువని. అక్కడితో పుస్తకం మూసేశాను.

నువ్వు వేళకి తిను.

చిన్నోడు


ఇంటి నుంచి,
మే 6

చిన్నోడా,

లెక్కల మాస్టారికి చెప్పు, నా ఉత్తరాలు దిద్దొద్దని. నా తప్పులు నావి.

సంతకం సంగతి నాకు వదిలెయ్. నిన్ను నడవడం నుంచి గేరు మార్చడం దాకా నేర్పినదాన్ని, కోర్టులో ఏం చెప్పాలో నాకు తెలుసు.

అసలు రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించిన విషయం ఒకటుంది. మన పలక తగిలి పోయిన ఆ అమ్మాయి వాళ్ల నాన్న వచ్చాడు. గోడౌన్‌కే వచ్చాడు. మధ్యాహ్నం డబ్బా విప్పుకుని కూర్చున్నాను, ఎవరో పెద్దాయన గేటు దగ్గర నిలబడ్డాడని వాచ్‌మన్ చెప్పాడు. కోర్టులో వెనక బెంచీలో కూర్చునేవాడే. ఏ మొహం పెట్టుకుని వెళ్లను? కొడితే కొట్టించుకుందాం అనుకుని వెళ్లాను.

"తిట్టడానికి రాలేదమ్మా," అన్నాడు. "ఒక్క మాట అడిగి పోతాను. ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యాను. పైన కట్టని వస్తువేదీ ఒక్కసారిగా లేచిపోదు. ముందు కొట్టుకుంటుంది. లేస్తుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది. పక్క అద్దంలో కనబడుతుంది. మీ తమ్ముడికి కనబడలేదా?"

"కనబడితే ఆపేవాడు కదండీ," అన్నాను. "చీమను కూడా తొక్కడండీ మావాడు."

"అంతేనంటావా?"

"అంతేనండీ. ఒట్టు."

ఆయన గేటు ఊచ పట్టుకున్నాడు. "చూసుకోకపోవడం ఒకటి, చూసి కూడా ఊరుకోవడం ఒకటి. ఏదో ఒకటి తెలిస్తే నా మానాన నేనుంటాను. కోర్టులో ఈ మాట ఎవరూ అడగలేదమ్మా. ఎంతసేపూ తాడు పొడవెంత, పలక బరువెంత అనే అడిగారు. ఇంట్లో కూర్చుంటే అదే ఆలోచన, అన్నం ముందు కూర్చున్నా అదే," అన్నాడు.

ఇంట్లో తానూ ఆ అమ్మాయీ, ఇద్దరేనట. ల్యాబులో రక్తపరీక్షలు చేసేదట. ఆ రోజు రోజూ కంటే అరగంట ముందు బయలుదేరిందట. మంచినీళ్లిస్తే తాగాడు. గ్లాసు కడిగి ఇచ్చాడురా చిన్నోడా. నేనిచ్చిన గ్లాసు ఆయన కడిగి ఇచ్చాడు.

నేను చెప్పింది నిజమే కదా?

అక్క


జైలు నుంచి,
మే 17

అక్కా,

ఆయనతో ఇంక మాట్లాడకు. మళ్లీ వస్తే లాయరుతో మాట్లాడుకోమను. నీకు అడ్డమైనవాళ్లందరికీ జవాబులు చెప్పే పని లేదు.

ఇక్కడ గిన్నెలు ఎక్కువయ్యాయి. రాయడానికి తీరిక లేదు. నువ్వు కూడా ప్రతి వారం రాయక్కర్లేదు.

చిన్నోడు


ఇంటి నుంచి,
మే 27

చిన్నోడా,

ఏమిటా ఉత్తరం? "అడ్డమైనవాళ్లు"నా? కూతురు పోయిన మనిషిని పట్టుకుని అడ్డమైనవాడంటావా? నేను పెంచిన నోరేనా అది? ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేదాన్ని, జైలైతే నాకేం?

తీరిక లేదట తీరిక! ఎవరికి చెప్తున్నావు? నీకు కోపమొస్తే మాటలు తగ్గుతాయి, భయమేస్తే ఇంకా తగ్గుతాయి. చిన్నప్పుడు పొరుగింటి కిటికీ పగలగొట్టినప్పుడు కూడా ఇంతే, మూతి బిగించుకుని మూల కూర్చున్నావు. అద్దం నేను చూసేదాకా నోరు విప్పలేదు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నేను అడిగిందేమిటి, నువ్వు రాసిందేమిటి? "నిజమే కదా" అని అడిగితే "నిజమే" అని రెండక్షరాలు రాయడానికి చెయ్యి రాలేదా?

ఆయన మళ్లీ వచ్చాడు. ఏమీ అడగలేదు. గేటవతల టీ కొట్టు దగ్గర నిలబడి తాగేసి వెళ్లిపోయాడు. అడగకుండా పోయేసరికి నాకు అడిగినదానికంటే ఎక్కువైంది.

నాకు సూటిగా చెప్పు. చూశావా, లేదా? లాయరు గారు కేసు సంగతులు రాయొద్దన్నారు. లాయరు గారి మాట తర్వాత. నేను మీ అక్కని.

అక్క


జైలు నుంచి,
జూన్ 8

అక్కా,

చూశాను.

ఈ మాట ముద్ర వేసే ఆయన కూడా చదువుతాడని తెలుసు. చదవనీ. మాస్టారికి మాత్రం చూపించలేదు, తప్పులుంటే ఉంటాయి.

వంతెన ఎక్కినప్పుడు మొదటిసారి చూశాను. అద్దంలో పై తాడు కొస ఊగుతూ కనబడింది. అప్పుడు తెలిసింది, కట్టలేదని. వంతెన దిగేటప్పటికి పై పలక లేచి పడుతోంది. ఆ అమ్మాయి నాన్న చెప్పినట్టే అక్కా, అచ్చం ఆయన చెప్పినట్టే. లేస్తుంది, పడుతుంది. వెనక స్కూటరు కూడా కనబడింది. ఎర్ర హెల్మెట్.

ఎందుకు ఆపలేదని అడుగుతావు. ఆపితే నీకు చెప్పాలి. "అక్కా, తాడు కట్టలేదు" అనాలి. నాలుగు రోజుల తర్వాత మొదటి మాట నాదవుతుంది. నువ్వు కిటికీ వైపు తిరిగి మూతి ముడుచుకుని కూర్చున్నావు. నాకు ఒళ్లు మండింది. చేసింది తను, ముందు నేనెందుకు మాట్లాడాలి, అనుకున్నాను. ఇంకో మాట కూడా అనుకున్నాను, అది రాయడానికి సిగ్గేస్తోంది. పెట్రోలు బంకు ఇంకో రెండు నిమిషాల్లో వస్తుంది, అక్కడ ఆపి నేనే దిగి, నీ ఎదురుగా తాడు కట్టి, ఏమీ అనకుండా మళ్లీ ఎక్కుదాం, అప్పుడు నీకు తలవంపుగా ఉంటుంది అనుకున్నాను. నిన్ను ఎలా చిన్నబుచ్చాలా అని ఆలోచిస్తూ నడిపాను అక్కా, ఆ రెండు నిమిషాలూ.

బంకు కనబడుతుండగా పలక ఎగిరింది.

కోర్టులో నన్నెవరూ అద్దం గురించి అడగలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు. అడిగితే చెప్పేవాణ్ణేమో. ఏమో, చెప్పేవాణ్ణి కాదేమో.

ఇప్పుడు నేను నిన్ను ఒకటి అడుగుతాను, కాదనకు. ఈ ఉత్తరం ఆ పెద్దాయనకి చూపించు. విచారణకి ముందే చూపించు. నువ్వు ఆయన దగ్గర నా మీద ఒట్టేశావు, ఆ ఒట్టు నన్ను నిద్రపోనివ్వడం లేదు. జులైలో జడ్జిగారికి నేనే చెప్తాను. శిక్ష పెరుగుతుందని తెలుసు. తెలిసే రాస్తున్నాను.

చిన్నోడు


ఇంటి నుంచి,
జూన్ 25

చిన్నోడా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. నా సంచీలోనే ఉంది. గోడౌన్‌కి తీసుకెళ్తున్నాను, తెస్తున్నాను.

లాయరు గారికి చూపించాను. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. "అమ్మా, దీన్ని చింపెయ్యండి," అన్నారు. "జైలువాళ్లు చదివారు కదండీ" అంటే, "వాళ్లు తప్పించుకునే పథకాల కోసం చదువుతారు, మనసులో బాధల కోసం కాదు" అన్నారు. నా సంతకంతో అయితే డిసెంబరుకి నువ్వు ఇంట్లో ఉంటావట. ఈ ఉత్తరం బయటికొస్తే నాలుగేళ్లు కూడా పడొచ్చట.

నేను ఆయన్ని ఒక మాట అడిగాను. "పక్కన కూర్చున్నదానికి ఏం శిక్షండీ?" అని. "పక్కన కూర్చున్నవాళ్లకి చట్టంలో ఏమీ లేదమ్మా," అన్నారు. ఏదో మంచి మాట చెప్పినట్టు నవ్వుతూ చెప్పారు.

నువ్వు రాశావు కాబట్టి నేనూ రాస్తున్నాను. నేను విన్నాను రా. వంతెన మీద నుంచే విన్నాను. నెత్తి మీద టపాటపా కొట్టుకుంటోంది, పలక పలకకి తగులుతున్న చప్పుడు. పదమూడేళ్లుగా లోడు కడుతున్నదాన్ని, ఆ చప్పుడు నాకు తెలీదా? తాడు లేదని నాకు అప్పుడే తెలిసింది. వాడు ఆపాడా, నా తప్పు బయటపడుతుంది, మెట్ల మీద అన్న మాటే మళ్లీ అంటాడు, "నీకేం తెలుసు" అంటాడు, అనుకున్నాను. అనిపించుకోవడం ఇష్టం లేక కిటికీ వైపు తిరిగాను. నువ్వు నా మూతే చూశావు. నేను వింటున్నానని నీకు తెలీదు.

గోడౌన్ గేటు దగ్గర ఆయన ముందు నిలబడి, "కనబడితే ఆపేవాడు కదండీ" అన్నాను కదా. ఆ మాట అంటున్నప్పుడు కూడా నా చెవుల్లో ఆ చప్పుడే. నిన్ను "సూటిగా చెప్పు" అని గద్దించాను. సిగ్గులేనిదాన్ని.

మొన్న ఆదివారం కోర్టు కాగితాల్లో అడ్రసు చూసుకుని ఆ పెద్దాయన ఇంటికి వెళ్లాను. వీధి మొదట్లో ఉంది, రెండో అంతస్తు. మెట్లెక్కాను. తలుపు దాకా వెళ్లాను. పక్కన చెప్పుల స్టాండు, పై అరలో ఆడపిల్ల చెప్పులు రెండు జతలు ఇంకా అలాగే ఉన్నాయి. చెయ్యెత్తి బెల్లు నొక్కబోయి దిగొచ్చేశాను.

నీకు ఇరవై తొమ్మిదేళ్లు. నాలుగేళ్లంటే ముప్పై మూడు. నా చేతులతో నిన్ను అక్కడే ఉంచేయమంటావా? నన్నెందుకు అడిగావురా ఈ పని?

అక్క


జైలు నుంచి,
జులై 4

అక్కా,

ఇంకెవరిని అడగను? నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?

నువ్వు విన్నావని తెలిసి నాకు ముందు కోపం వచ్చింది. ఆ తర్వాత ఎందుకో ఏడుపొచ్చింది. ఇన్ని నెలలూ నేనొక్కణ్ణే మోస్తున్నాననుకున్నాను. నువ్వు కూడా మోస్తూనే నాకు "తింటున్నావా, గోడ పక్కన చోటు దొరికిందా" అని రాస్తున్నావు.

నువ్వు చూపించకపోయినా నేను పద్దెనిమిదో తారీఖున కోర్టులో చెప్తాను. కానీ అందరి మధ్యా, నల్లకోట్ల మధ్యా ఆయన అది మొదటిసారి వినకూడదక్కా. ఆయన నిన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన అడిగింది నిన్ను.

చిన్నోడు


ఇంటి నుంచి,
జులై 22

చిన్నోడా,

ఉత్తరం ఆయనకిచ్చాను. పదహారో తారీఖు, మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్లాను. ఈసారి బెల్లు నొక్కాను.

లోపలికి రమ్మన్నాడు. కుర్చీ చూపించాడు. కూర్చోలేదు నేను. "మీ దగ్గర అబద్ధం చెప్పానండీ. అప్పుడు నాకు సగమే తెలుసు, ఆ సగం కూడా దాచాను," అని కవరు చేతికిచ్చాను. కిటికీ దగ్గరికి వెళ్లి చదివాడు. చదవడం అయ్యాక మళ్లీ మొదటి పేజీకి తిప్పాడు. "నేను కూడా చప్పుడు విన్నానండీ," అన్నాను. తలూపాడు. తిడతాడని చూశాను, ఒక్క మాటన్నా తిట్టలేదు. "అలిగి మాట్లాడుకోలేదా?" అన్నాడు. "అవునండీ." "దేని గురించి?" "మెట్ల మీద బీరువా తిప్పడం గురించండీ." ఆయన ఇంకా ఏదో పెద్ద కారణం ఉంటుందని, నేను చెప్తానని ఎదురుచూశాడు. చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

కోర్టులో జరిగింది నీకు తెలుసు. నువ్వు చెప్తుంటే లాయరు గారు తల పట్టుకుని కూర్చున్నారు. నువ్వు తడబడలేదు. రెండేళ్లు కాస్తా మూడున్నర అయ్యాయి. జడ్జిగారు చదువుతున్నప్పుడు నేను నీ వీపే చూస్తున్నాను, చొక్కా వదులైపోయింది, చిక్కిపోయావు. ఒకసారి వెనక్కి తిరుగుతావేమో అనుకున్నాను. తిరగలేదు. తిరిగుంటే ఆపుకోలేకపోయేదాన్ని, తిరక్కపోవడమే మంచిదైంది.

నీకు తెలియనిది ఆ తర్వాత జరిగింది. నిన్ను వ్యాన్లో ఎక్కించుకుపోయారు. నేను కోర్టు మెట్ల మీద నిలబడిపోయాను, ఎటు వెళ్లాలో తోచలేదు. ఆయన వెనక నుంచి వచ్చి నా పక్కన ఆగాడు.

"మా అమ్మాయి హారన్ కొట్టిందా అమ్మా?" అన్నాడు.

నువ్వు అద్దం గురించి రాశావు, తాడు కొస గురించి రాశావు, హారన్ గురించి రాయలేదు. నేను చప్పుడు గురించి రాశాను, నేనూ రాయలేదు. కోర్టులో కూడా ఆ మాట రాలేదు. ఇద్దరం విన్నాం, ఇద్దరం మింగేశాం. లేదండీ అనేద్దామా అనుకున్నాను. ఒకసారి ఆయనకి అబద్ధం చెప్పినదాన్ని, రెండోసారి నోరు రాలేదు.

"కొట్టిందండీ," అన్నాను. "మూడుసార్లు."

"కొడుతుంది," అన్నాడు. "నేనే నేర్పాను. ముందు బండి మీద ఏదైనా ఊడుతుంటే నీ దారిన నువ్వు దాటిపోవద్దు, వెనకే ఉండి వాళ్లకి తెలిసేదాకా హారన్ కొట్టు అని. స్కూటరు నేర్పిన రోజే చెప్పాను."

మనం పక్కపక్కన కూర్చుని ఒకళ్లతో ఒకళ్లం మాట్లాడలేదురా. ముక్కూ మొహం తెలియని పిల్ల మనతో మూడుసార్లు మాట్లాడింది. నువ్వు జవాబివ్వలేదు, నేను ఇవ్వలేదు. నీ మీద నాకు చెప్పలేనంత కోపంగా ఉంది. నా మీద కూడా అంతే ఉంది. అయినా రాస్తున్నాను, ఇది రాయకుండా ఉండలేను.

ఆయన చేతికర్ర ఆనించుకుంటూ మెట్లు దిగడం మొదలుపెట్టాడు. నాలుగు మెట్లు దిగి ఆగిపోయాడు. వెనకే ఉండమని తాను చెప్పకపోయి ఉంటే ఆ పిల్ల దాటి వెళ్లిపోయేదని ఆయనకి అప్పుడే తోచినట్టుంది. రెయిలింగు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. లేచి వెళ్లిపొమ్మనలేదు.

అక్క